చలవబయలు కింద నిప్పుగోడ

కుంభగిరి కడుపులోకి దిగే దారి ఒక్కటే. దిగినవాళ్లు చాలామంది ఉన్నారు గాని, తిరిగి ఎక్కివచ్చి కబుర్లు చెప్పినవాళ్లు లేరు. అందుకని ఆ లోపల ఏముందో ఎవరికి తోచినట్లు వాళ్లు చెప్పుకుంటారు. వెయ్యి పడగల పాము బుసకొడుతోందని కొందరు, రాక్షసుడు అన్నం వండుకుంటున్నాడని కొందరు. మీరు ఎవరి మాటా నమ్మకండి. వేషాల బొల్లన చూసినది చెబుతాను, అది నమ్మండి. నమ్మకపోయినా నాకు వచ్చిన లోటు లేదు. కొండకి అసలే లేదు.

బొల్లన చేతిలో చల్లకుండ, వీపున గూని, నోట మౌనం పెట్టుకుని ఆ దారిన దిగుతున్నాడు. గూని పాతగుడ్డల మూట. దాన్ని మోయడం తేలికే. మౌనం మోయడమే ప్రాణాంతకంగా ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచి వాడు నిద్రలో కూడా నోరు మూసినవాడు కాదు. పగటివేషాలు కట్టి ఊరూరా ఆడేవాడికి నోరే పొలం, నోరే నాగలి. అయినా ఏం చేస్తాడు? తామ్రజటుడనే మాంత్రికుడికి రోజూ చల్ల మోసుకుపోయే శిష్యుడు గూనివాడు, పైగా మూగవాడు. ఆ అసలు శిష్యుడు ఇప్పుడు గుహ బయట కానుగ నీడన, ఉమ్మెత్త గింజలు నూరి కలిపిన పరమాన్నం తిని, లోకం మరిచి గుర్రుపెడుతున్నాడు.

ఇంత సాహసానికి బొల్లనని తరిమింది వాళ్ల అక్క పైడక్క.

కొన్నాళ్లుగా కొండ ఉరుముతోంది. శిఖరం మీద పగలు పొగ, రాత్రి ఎర్రటి కాంతి. రాజు రణధవళుడు నగారా కొట్టించి, కొండవాలు మీది ఊళ్లన్నీ ఖాళీ చేయించి, జనాన్ని తూర్పున ఉన్న చలవబయలు అనే మైదానానికి తరలించాడు. కొండ భుజాన ఉన్న తన ఏడంతస్తుల మేడను మాత్రం వదల్లేదు. మాంత్రికుణ్ణి అంతకు ముందే పిలిపించి కొండను నిద్రపుచ్చమన్నాడు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఆపదలో తరలిన జనం బెదిరి పరదేశాలకి చెదిరిపోకుండా, ఇంటికొక మనిషి కాలికి తాడు కట్టి, అక్కడ పాతి ఉన్న ఒట్టుగుంజకు ముడి వేస్తారు. రాజు తన నోటితో విప్పమనేదాకా ఆ ముడి ఎవరూ విప్పకూడదు. కట్టిన మనిషిని వదిలి ఇంటివాళ్లు ఎక్కడికి పోతారు? బొల్లన ఇంట ఉన్నది వాడూ, వాళ్లక్కా. “నువ్వు ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదులేరా” అని పైడక్కే కాలు ఇచ్చింది. తల్లి పోయిన పసిగుడ్డును చంకన వేసుకుని పెంచి, వేషం కట్టడం నేర్పి, వాడి మొహాన మొదటి రంగు పూసింది ఆమే.

ఆ ఉదయం ఆమె తాడు సాగినంత దూరం కుంటుకుంటూ పోయి, బావినీళ్ల కడవలో చెయ్యి పెట్టి చటుక్కున లాక్కుంది.

“ఒరే బొల్లిగా! కొండ మీద పొగ ఆగిపొయ్యింది. ఈడ బాయిలో నీళ్లు తలంటుకు కాగినట్టు కాగుతుండాయి. ఆడ ఆరిన పొయ్యి ఈడెందుకు రాజుకుందిరా? ఆ జడలోడి గుహలో ఏం జరగతా ఉందో చూసి రాపో.”

“నేనా?”

“లేకుంటే రాజుగారు పోతాడేందిరా? నువ్వే!”

అదీ సంగతి.

దారి చివర గుహ. ఆ గుహ ఎదుటిగోడ నేల నుంచి కప్పుదాకా ఒకే నల్లగాజు రాయి. నూనె రాసి తుడిచినట్లు మెరుస్తోంది. దాని వెనక ఉన్నదాన్ని చూసి బొల్లన కాళ్లు నేలకు అతుక్కుపోయాయి.

అదొక సముద్రం. నీళ్లకు బదులు నిప్పు. అయితే పొయ్యిలోని మంటలాగ నాలుకలు చాచే నిప్పు కాదది. రాయే కరిగి చిక్కటి సంకటిలా ఉడుకుతోంది. ఆ సంకటిలో పచ్చలూ, కెంపులూ, తేనెరంగు పలుకులూ పటికబెల్లంలా గడ్డకట్టి, బరువెక్కి, మెల్లమెల్లగా అడుక్కి జారుతున్నాయి. పైపైన కల్లుకుండ నురుగులాగ బుడగలు పుట్టి, ఉబ్బి, కప్పుకు కొట్టుకుంటున్నాయి. ఒక్కొక్క బుడగ పగిలినప్పుడల్లా గుహ మొత్తం గుండెకాయలాగ ఒక్కసారి కొట్టుకుంటోంది. మామిడిపండు రంగు, మోదుగుపూల రంగు, కోసిన గాయం రంగు. చూసినకొద్దీ చూడాలనిపించే అందం. చూసినకొద్దీ కనుబొమలు కమురుకుపోతున్నాయి.

గాజురాయి ముందు తామ్రజటుడు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. రాగితీగల్లాంటి జడలు మడమల దాకా వేలాడుతున్నాయి. అడుగుల చప్పుడు విని వెనక్కి చూడకుండానే మాట్లాడాడు. మూగవాడితో మాట్లాడటం వాడికి మహా ఇష్టం. ఎదురు మాట రాదు.

“రా శిష్యా, రా! నీ గురువు విద్య కళ్లారా చూడు. నిప్పు రాతిని కాల్చుకుంటూ పైకి వస్తుందనుకుంటారు లోకులు. పిచ్చివాళ్లు! మొద్దులో చీల దిగగొట్టినట్లు వస్తుందిరా. కరిగిన రాయి తన చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక, అందుకని పైకే చూస్తుంది. వెంట్రుకంత పగులు దొరికితే చాలు, తల దూరుస్తుంది. ఒత్తుతుంది. ఫట్టుమని పగులు ముందుకు పాకుతుంది, వెనకే నిప్పు నిండుతుంది. మళ్లీ ఒత్తుతుంది. భూమి అదిరిందని మీరంతా వణికేది ఆ ఫట్ ఫట్ కే.”

బొల్లన అర్థమైందన్నట్లు తల ఊపాడు. మాంత్రికుడికి ఉత్సాహం ఎక్కువైంది.

“లేతపాకం అయితే ఏటిలాగ పారిపోతుంది. ముదురుపాకం అయితే గొంతులో ఇరుక్కుంటుంది. నేను చేసిందేమిటో తెలుసా? కొండ గొంతులో ఉన్నదాన్ని మంత్రంతో ముదరబెట్టి బిరడా వేశాను. పైన పొగ ఆగిపోయింది. రాజు పొంగిపోయి మెడలో హారం తీసి ఇచ్చాడు. కానీ లోపలి నిప్పు ఊరుకుంటుందా? పైకి దారి లేదు గనక పక్కకి వెతుక్కుంది. ఇదిగో!”

వాడు వేలు పెట్టి చూపిన చోట, నిప్పుసముద్రం అంచు నుంచి ఒక ఎర్రటి గోడ బయలుదేరి రాతిలోకి పోయింది. తలుపురెక్కంత మందం. తాటిచెట్ల మీద తాటిచెట్లు నిలబెట్టినంత ఎత్తు. దాని ముందు అంచు రాతిని ఇటూ అటూ తోసుకుంటూ, ఫట్ ఫట్ మంటూ, నడుస్తున్న మనిషి వేగంతో తూర్పుకి పోతోంది.

“పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అది చలవబయలు కిందికి చేరుతుంది. అక్కడ భూమి పలచన, తేలుతుంది. ఊరికే తేలితే లాభం లేదు శిష్యా. మనుషుల్ని మింగి ఆకలి తీరకపోతే వెనక్కి తిరిగి మేడ కిందికే వస్తుంది. ఈ సంగతి బిరడా వేయకముందే రాజుకు విన్నవించాను. ఆయన ఏమన్నాడో తెలుసా? జనం మళ్లీ పుడతారు, మేడ మళ్లీ పుట్టదు అన్నాడు. ఆ పూటే నగారా కొట్టించి అందర్నీ అక్కడ గుంజలకు కట్టించాడు. రాజంటే అలా ఉండాలి!”

ఇక్కడ బొల్లన ఒక పొరపాటు చేశాడు. తాను మూగవాణ్ణన్న సంగతి మరిచిపోయాడు.

“ఆడ మా అక్క ఉండాది గదరా, ముసలి నక్కా!”

గుహ అంతా ఆ మాటే మారుమోగింది. తామ్రజటుడు మెల్లగా వెనక్కి తిరిగాడు.

“ఓహో! మూగవాడికి మాట వచ్చిందే! గూని కూడా పోతుందేమో చూద్దాం.”

వాడు తల విదిలించాడు. జడలు ఒక్కొక్కటే విడివడి, ఎర్రగా కాలి, రాగిపాములై నేల మీద పడి పాకాయి. బొల్లన గూని విప్పి మొదటి పాము మీద కొట్టాడు. గుడ్డలు భగ్గున మండిపోయాయి. రెండోది మోకాలి దాకా లేచింది. ఇక చేతిలో ఉన్నది చల్లకుండ ఒక్కటే. వాడు ఏమీ ఆలోచించలేదు. భయపడ్డవాడు చేతిలో ఏది ఉంటే అది విసురుతాడు. పాము పక్కకి తప్పుకుంది. కుండ పోయి గాజురాయికి తగిలి భళ్లున పగిలింది.

కాగి ఉన్న గాజు మీద చల్లటి చల్ల పడితే ఏమవుతుందో వంటింట్లో మసిలేవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

టంగుమని ఒక గీత. ఆ గీతకి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు. పగుళ్లలోంచి ఎర్రటి చెమట కారింది. తామ్రజటుడు కెవ్వున అరిచి రెండు అరచేతులూ రాతికి ఆనించి మంత్రం అందుకున్నాడు. చేతులు తీస్తే సముద్రం తన మీద పడుతుంది. తీయకపోతే బొల్లన తప్పించుకుపోతాడు.

“పోరా వేషగాడా, పో!” పళ్లు కొరుకుతూ అరిచాడు. “నీ కాళ్లు ముందు చేరతాయో నా నిప్పు ముందు చేరుతుందో పందెం! నువ్వు చేరినా ఏం చేస్తావురా? రాజు నోటి మాట లేనిదే ఒక్క ముడీ ఊడదు!”

బొల్లన అప్పటికే పరిగెడుతున్నాడు.

వచ్చిన దారి మీద నిప్పు కారుతోంది. పక్కనే ఇంకో సొరంగం నల్లగా నోరు తెరుచుకుని ఉంది. వాడు అందులో దూరాడు. పూర్వమెప్పుడో నిప్పుఏరు పారిన దారి అది. పైపొర చల్లబడి కప్పు కట్టింది, లోపలిది కారిపోయింది, ఖాళీ గొట్టం మిగిలింది. ఏనుగు మీద అంబారీ పెట్టుకుని పోవచ్చు అంత పెద్దది. గోడల మీద వరదగుర్తుల్లాంటి చారలు. కప్పు నుంచి కరిగి కారుతూ గడ్డకట్టిన రాతిబొట్లు రాక్షసి పళ్లలాగ వేలాడుతున్నాయి. కింద నేల మోకుతాళ్లు మెలిపెట్టి పరిచినట్లు ఉంది. ఆ తాళ్ల మీద తట్టుకుని పడుతూ, లేస్తూ, గోడలకు గీరుకుపోతూ పరిగెత్తాడు. వాడి కుడిచెవి పక్కన, రాతికి అవతల, ఫట్ ఫట్ మని మరొకటి నడుస్తోంది. అది తొందరపడటం లేదు. ఆగడమూ లేదు.

ఒకచోట కప్పు కూలి ఆకాశం కనిపించింది. ఊడలాంటి వేళ్లు వేలాడుతున్నాయి. వాటిని పట్టుకుని ఎగబాకుతుంటే, వెంటాడిన రాగిపాము ఒకటి ఎగిరి చీలమండ చుట్టూ చుట్టుకుంది. చర్మం కాలిన వాసన వచ్చింది. బొల్లన అక్కను తలుచుకుని ఒక బూతు తిట్టాడు. తిట్టు అక్కకి కాదు, పాముకి. కాలు రాతికేసి బాదాడు. పాము చల్లబడి రాగితీగై సొరంగంలోకి రాలిపోయింది. వాడు ఎండలోకి పాకి బోర్లాపడ్డాడు.

పొద్దు నడినెత్తికి ఇంకా కొంచెం దూరంలో ఉంది.

చలవబయలు అంచున, తుమ్మ పొదల చాటున వాడి వేషాల పెట్టె ఉంది. దాన్ని మోసే గాడిద పారిపోయింది. తాడు తెంపుకునే తెలివి గాడిదకు ఉంది. జనానికి లేదు. బొల్లన పెట్టె మూత తీసి ఒక్క క్షణం చతికిలబడ్డాడు. నిప్పు వస్తోందని అరిస్తే ఎవరు నమ్ముతారు? కిందటేడే పులి వేషంలో సంతలో దూకి, జనం చెట్లెక్కితే తోక ఊపుకుంటూ నవ్వినవాడు గదా! నమ్మినా ముడి ఎవరు విప్పుతారు?

వేషగాళ్ల కులకట్టు ఒకటి ఉంది. దేవుడి వేషం కట్టవచ్చు, దయ్యం వేషం కట్టవచ్చు, చచ్చిన రాజుల వేషం ఎంతైనా కట్టవచ్చు. బతికి ఉన్న రాజు వేషం కట్టకూడదు. కట్టినవాడి తల కోటగుమ్మానికి కడతారు.

బొల్లన అద్దం తీసి మీసం అంటించుకున్నాడు.

దసరాకి దేవేంద్రుడి వేషానికి వాడే రేకు కిరీటం పెట్టుకున్నాడు. పట్టుచీర ముక్కతో ఉత్తరీయం వేసుకున్నాడు. మొహాన పసుపూ చందనమూ మెత్తి, రాజు బుగ్గ మీద ఉండే కత్తిగాటు కుంకుమతో గీశాడు. రణధవళుడు భుజకీర్తుల బరువుకి ఎడమభుజం ముందుకు వేసి నడుస్తాడు. మాట చివర కొరికి వదిలేస్తాడు. ఆ నడకా, ఆ మాటా బొల్లనకు ఊపిరి పీల్చినంత తేలిక. వాడు తెలుసుకోనిది ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ ముందుముందు మీరే చూస్తారు.

చలవబయలు అప్పటికే మారిపోయింది. పచ్చిక వేళ్లు ఉడికి తెల్లబడింది. పాములు పట్టపగలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఉత్తరానికి పాకిపోతున్నాయి. దక్షిణాన ఉన్న బావి పొంగి, దాని చుట్టూ నేల బురదై, బురద కుతకుతమంటోంది. ఒట్టుగుంజల వరుసకు అటొకటి ఇటొకటి నేలలో రెండు పొడవాటి బీటలు తూర్పు పడమరలుగా పడ్డాయి. ఆ రెంటి నడుమ నేల, నులక వదులైన మంచంలా, కొద్దికొద్దిగా కుంగుతోంది. ఆ కుంగిన నడిమి భాగంలోనే జనమంతా కూర్చుని ఉన్నారు. పిల్లలు ఏడవడం మానేసి కొండకేసి చూస్తున్నారు. కొండ నిశ్శబ్దంగా ఉంది. అందరికీ అదే ధైర్యం.

రాజు కాలినడకన, ఒంటరిగా రావడం చూసి జనం నోళ్లు తెరుచుకున్నాయి.

“తాళ్లు కోయండి!” బొల్లన రాజు గొంతుతో గద్దించాడు. “ఉత్తరాన రాతివాగు దాటండి. వెనక్కి చూడవద్దు. మూటలు వద్దు. మా ఆజ్ఞ!”

గుంజకాపు నాగప్ప కత్తి పట్టుకుని ఎదురొచ్చాడు. ముసలివాడు. ఒట్టుగుంజలన్నీ వాళ్ల వంశం పాతినవే. వంగి దణ్ణం పెట్టాడు గాని దారి ఇవ్వలేదు.

“చిత్తం మారాజా. మరి మర్యాద జరగాల గదా.”

“ఏ మర్యాద?”

“మా తాత చెప్పిండే మాట. విప్పమన్న రాజు తన కాలు గుంజకిచ్చి కూకోవాల. కడపటి మనిషి వాగు దాటిందాకా లేవగూడదు. జనాన్ని తరిమేసి ఊళ్లు దోచుకునే రాజు గాదని అదీ రుజువు. తమరికి తెలీకుండా ఉంటుందా?”

తెలియదు. ఏ వేషగాడికీ తెలియదు. ఆ ముచ్చట గుంజకాపుల ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. ఈ మధ్య ఏ రాజూ స్వయంగా వచ్చి విప్పమన్న పాపాన పోలేదు మరి.

బొల్లన కాళ్ల కింద నేల ఫట్టుమంది. తప్పదని తెలిసింది. కాలు చాచాడు.

నాగప్ప ఆ కాలి మీది కాలిన మచ్చ చూశాడు. దాని మీదే తాడు బిగించి, వరుసకు దక్షిణంగా విడిగా ఉన్న గుంజకు ముడి వేశాడు. బొల్లన కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. జనం దాన్ని రాజుగారి దయ అనుకున్నారు.

కత్తి వరుస పొడవునా నడిచింది. తాళ్లు తెగాయి. జనం లేచారు. మొదట నడక, తర్వాత పరుగు. బీట దాటలేని ముసలివాళ్లని చేతుల మీద అందించుకుంటున్నారు. పైడక్క తాడు తెగింది గాని ఆమె ఉత్తరానికి పోలేదు. తిమ్మిరెక్కిన కాలు ఈడ్చుకుంటూ నేరుగా రాజు దగ్గరికి వచ్చి నిలబడింది. ఒక్క చూపు చూసింది. మొదటి రంగు పూసిన చెయ్యి, ఆ మొహాన్ని ఏ రంగు కింద ఉన్నా గుర్తుపడుతుంది.

చుట్టూ జనం. ఆమె చేతులు జోడించింది.

“మారాజా, తమరి అక్కగారు బాగుండాదా?”

బొల్లన రాజు గొంతు వదల్లేదు. “బాగుంది. నోరు మాత్రం ఎక్కువ. పొమ్మంటే పోదు.”

“ఎట్లా పోతుంది? తమ్ముణ్ణి గుంజకు కట్టేసి ఏ అక్క పోతుంది?”

“పోవాలి. ఆమె పోకపోతే కడపటి మనిషి ఆమే అవుతుంది. ఆమె దాటేదాకా తమ్ముడు లేవకూడదట. చెప్పు ఆమెకి.”

“చెప్తా. చెవిటిది గాదు.” పైడక్క చెంగుతో మొహం తుడుచుకుంది. “మీసం కుడిపక్క నొక్కుకోండి, మారాజా” అని గొణిగి తిరిగి చూడకుండా పోయింది.

ఆమె బీట దాటి సగం దూరం వెళ్లిందో లేదో పడమటి గట్టు మీద బాకా మోగింది.

ఏనుగు. ఏనుగు మీద రణధవళ మహారాజు. ఆయన వెనక విలుకాళ్ల బారు. మేడ పైనుంచి జనం కదలడం చూసి పరుగున వచ్చాడు. ఎండలో నిజం కిరీటం రేకు కిరీటం కంటే కొంచెం తక్కువగానే మెరిసింది.

“ఆగండి! ఆ కూర్చున్నవాడు వేషగాడు! రాజద్రోహి! ఎక్కడివాళ్లు అక్కడ తిరిగి గుంజల దగ్గరికి రండి! రానివాళ్ల ఇంటిపేరు లేకుండా చేస్తాను!”

వాగు ఒడ్డున జనం నిలిచిపోయారు. అటు రాజు, ఇటు రాజు. బొల్లనకు లేచి అరవాలనిపించింది. లేస్తే దొంగ అయిపోతాడు. జనమంతా వెనక్కి వస్తారు. కూర్చునే ఉన్నాడు. కింద వేడికి వాడి పంచె పొగలు కక్కుతోంది.

నాగప్ప గట్టుకేసి తిరిగి నోటికి చేతులడ్డం పెట్టుకున్నాడు.

“సామీ! ఏనుగు మీద మారాజా! తమరే నిజమైతే దిగి రండి! ఇంకో గుంజ ఖాళీగా ఉండాది! కాలియ్యండి! అప్పుడు తమ మాటే వింటాం!”

ఏనుగు కదల్లేదు. రాజు దిగలేదు. గట్టు అంచు నుంచి ఏనుగును రెండడుగులు వెనక్కి నడిపించమని మావటివాడి భుజం తట్టాడు. అంతదూరం నుంచి కూడా ఆ రెండడుగులూ అందరికీ కనిపించాయి.

“నడవండ్రా!” నాగప్ప జనంకేసి గర్జించాడు. “పరిగెత్తండి!”

వాగు నీళ్లు ఎగిసిపడ్డాయి. జనం దూకారు. అయితే అందరూ కాదు. భయమనేది చెడ్డ అలవాటు. పుట్టినప్పటి నుంచి ఆ గొంతుకు వంగినవాళ్లు కొందరు, పిల్లల చేతులు పట్టుకుని, తల వంచుకుని, కుంగిన నేలలోకి తిరిగి వచ్చారు. వచ్చి తమ తమ గుంజల దగ్గర, చెప్పినట్లే, బుద్ధిగా కూర్చున్నారు. బొల్లన రాజు గొంతు మరిచి, సొంత గొంతుతో, బండబూతులతో, ఏడుపుతో వాళ్లని పొమ్మని అరిచాడు. వాళ్లు వాడికేసి చూడలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది.

మొదట చప్పుడు లేదు. తర్వాత బట్ట కుట్టు పట్టుకుని సర్రున లాగినట్లు, నేల పడమటి నుంచి తూర్పుకి విప్పుకుంది. ఆ చీలికలోంచి నిప్పుతెర లేచింది. కొబ్బరిచెట్టు ఎత్తున, గోడలాగ, ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా. ఎగిరిన తుంపరలు గాలిలోనే నల్లబడి రాళ్లై రాలుతున్నాయి. రాలినచోట పెంకులై పేరుకుంటున్నాయి. తిరిగివచ్చి కూర్చున్నవాళ్లు ఉన్నచోట ఇప్పుడు ఎవరూ లేరు. గుంజలు కూడా లేవు. వాళ్లు అరవడానికి కూడా వ్యవధి దొరకలేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకు నవ్వించడం చేతకాదు, మన్నించండి.

తెరకు అవతల, ఉత్తరాన, వాగు దాటిన జనం. వాళ్లలో పైడక్క చేతులు ఊపుతూ ఏదో అరుస్తోంది. ఒక్క మాటా వినిపించలేదు. ఇవతల బొల్లన, నాగప్ప. వాళ్లున్న నేల చీలిక దక్షిణపు అంచు. వెనక ఉడికే బురద.

నాగప్ప వంగి, వాడి కాలి తాడు కోశాడు.

“తాతా,” బొల్లన ముసలివాడి చెయ్యి పట్టుకున్నాడు. “నేను రాజును కాను. వేషాల బొల్లన్ని. నిన్ను మోసం చేసినా.”

“తెలుసులేరా. నువ్వు కాలు చాచినప్పుడే తెలుసు. ఈ సెగకి నీ మొహాన రంగంతా కారిపొయ్యి, మీసం సగం ఊడి యాలాడతా ఉంది. వాగు దాటినోళ్లకి మాత్రం కళ్లు లేవా?”

“మరి... తెలిసీ ఎందుకు ఇన్నారు నా మాట?”

“నీ పంచె అంటుకుంటా ఉన్నా లేవలేదు గదరా నువ్వు. పద పద, ఇంగ ఇదీ కూలేట్టుండాది.”

పోవడానికి దారి ఒక్కటే మిగిలింది. నిప్పుతెరకూ బురదకూ నడుమ, ఎద్దుబండి పట్టేంత వెడల్పు నేల, నేరుగా పడమటి గట్టుకు. గట్టు మీద విలుకాళ్లు. నాగప్ప భుజం పట్టుకుని బొల్లన కుంటుతూ పరిగెత్తాడు. వెనకాల వాళ్లు అడుగు తీసిన నేల తీసినట్లే జారిపోతోంది. జుట్టు మాడుతోంది. నల్లటి నురుగురాళ్లు, తేలిగ్గా, వానలాగ వీపుల మీద రాలుతున్నాయి.

గట్టు మీద రణధవళుడు చెయ్యెత్తాడు. విల్లులన్నీ ఒక్కసారి వంగాయి.

అంతలో ఆ విలుకాళ్ల వెనక మబ్బు లేని ఉరుము ఒకటి వినిపించింది. కొండ కడుపులోని నిప్పంతా పక్కకి కారిపోయాక, పైన ఉన్న బరువును మోసేది ఏముంది? కుంభగిరి నడినెత్తి చిల్లులు పడ్డ పైకప్పులాగ లోపలికి కుంగింది. ఏడంతస్తుల మేడ ఒక్కొక్క అంతస్తే, తాపీగా, ఒక మనిషి మెట్లు దిగినట్లు దిగి దుమ్ములో కలిసిపోయింది. ఏ నిప్పూ దాన్ని ముట్టలేదు. దాని కింద నేల లేకపోయింది, అంతే.

విలుకాళ్లు వెనక్కి చూశారు. వాళ్ల ఇళ్లు ఆ మేడ నీడనే ఉన్నాయి. వాళ్ల అమ్మలూ, అయ్యలూ, అక్కలూ చలవబయలులో గుంజలకు కట్టించినవాళ్లలోనే ఉన్నారని వాళ్లకి ఇప్పుడు, ఈ క్షణాన గుర్తొచ్చింది. ముందుకు చూశారు. నిప్పుతెర అవతల, వాగు ఒడ్డున, నడిచి వెళ్లినవాళ్లు చీమల్లాగ, ప్రాణాలతో కనిపించారు.

“కొట్టండి!” రణధవళుడి గొంతు చీలింది. “ఏం చూస్తున్నారు? కొట్టండి!”

బొల్లన ఆగాడు. పరిగెత్తి లాభం లేదు. పాదాల కింద నేల ముక్క పల్లెంలాగ ఊగుతోంది. వాడు నాగప్పను తన వెనక్కి తోసి, వంకరపోయిన రేకు కిరీటాన్ని రెండు చేతులా సరిచేసుకున్నాడు. మీసం పీకి పారేశాడు. కమిలి బొబ్బలెక్కిన సొంత మొహంతో, రాజు గొంతుతో గట్టుకేసి గద్దించాడు:

“విల్లులు దించండి. దిగి వచ్చి ఈ ముసలాయనకు చెయ్యందివ్వండి. మా ఆజ్ఞ!”

నిప్పు హోరులో ఆ మాట గట్టుదాకా పోయిందో లేదో తెలియదు. బారు మొత్తం బిగదీసిన నారులతో నిశ్చలంగా నిలబడింది. తర్వాత ముందు వరుసలో, ఎడమ చివర, ఒక విల్లు మెల్లగా కిందికి దిగింది.

ఏనుగు మీద రాజు ఆ విల్లు ఎవరిదా అని తల తిప్పాడు. తిప్పేలోగా దాని పక్కది కూడా దిగింది.